ముందు చక్రాల్లో గాలి

ఈ ఉద్యోగానికి సర్కారు పెట్టిన పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనం పెట్టిన పేరు బ్రేకు ఇనస్పెక్టరు. ముప్పై ఏళ్లు జనం పెట్టిన పేరుతోనే బతికాను. లెక్కలేనన్ని బండ్ల బ్రేకులు తొక్కి చూశాను. నా నోటికి ఉన్న బ్రేకు మాత్రం ఒకసారి పడలేదు, ఇంకోసారి పట్టేసుకుని వదలలేదు. మాట్లాడకూడని చోట మాట్లాడాను, మాట్లాడాల్సిన చోట నోరు మూసుకున్నాను. రెండూ ఒకే కారు విషయంలో, ఒకే మనిషి విషయంలో జరిగాయి.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు కొందరు "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అంటున్నారు. ఎప్పుడు ఏ మెట్టెక్కానో సర్వీసు రిజిస్టరులో ఉంది. అది నా పింఛనుకు పనికొచ్చింది, ఇంకెవరికీ పనికిరాదు. అందులో లేనిది రాస్తాను.

తెలియదు అనకూడదు

రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో ఉద్యోగంలో చేరాను. రాజధాని కర్నూలు విడిచి హైదరాబాదు వెళ్లిపోయింది, నేను దర్శి దగ్గర మా పల్లె విడిచి కర్నూలు వచ్చాను. "పోన్లే, ఊరికి నష్టపరిహారం దొరికింది" అని మా మేనమామ ఎగతాళి చేశాడు. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోవే. నెలకొకసారి మార్కాపురంలో నా క్యాంపు. ప్రయాణికుల బంగళా ముందు వేపచెట్టు కింద బల్ల, కుర్చీ. లైసెన్సు కావలసినవాళ్లు, బండి చూపించవలసినవాళ్లు పొద్దున్నుంచే వరుస కట్టేవాళ్లు.

నా మొదటి పై అధికారి మద్రాసు కాలం మనిషి. చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది. దాంతో టైరును కొట్టి, చప్పుడు విని, గాలి ఎంతుందో చెప్పేవారు. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం: "బండి ముందు నిలబడి తెలియదు అనే మాట ఎన్నడూ అనకు. అన్న రోజు నుంచి డ్రైవర్లు నీ నెత్తికెక్కుతారు." నేనూ ఒక బెత్తం కొనుక్కున్నాను, పాఠమూ పట్టుకున్నాను. బెత్తం రెండేళ్లలో విరిగిపోయింది. పాఠం విరగడానికి చాలా కాలం పట్టింది.

చేరిన ఏడాదే ఒక బస్సుల యజమాని నన్ను బాగా ఆడుకున్నాడు. మార్కాపురంలో ఒక బస్సు చూపించాడు, టైర్లు కొత్తవి. సంతకం పెట్టాను. మూడు రోజులకు గిద్దలూరులో రెండో బస్సు, అవీ కొత్త టైర్లే. ఆ తర్వాత కంభంలో మూడోది. ఆ టైరు పక్కన గీసుకుపోయిన మచ్చ ఒకటి చూసి, ఎక్కడో చూసిన ముఖంలా ఉందే అనుకుంటూనే సంతకం పెట్టాను. పెళ్లిచూపులకు ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒకే పట్టుచీర మార్చి మార్చి కట్టుకున్నట్టు, ఆ మూడు బస్సులూ ఒకే టైర్లు తొడుక్కుని నా ముందుకొచ్చాయి. ఈ సంగతి నాకు చెప్పింది టీ దుకాణంలో నవ్వుకుంటున్న క్లీనర్లు. నాకు చెప్పలేదు, నేను విన్నాను.

అప్పట్నుంచి టైర్ల విషయంలో నాకు పిచ్చి పట్టింది. బెత్తం కింద టైరు గట్టిగా మోగితేనే సంతకం.

నీళ్లు తాగని బండి

చెన్నయ్యగారికి మార్కాపురంలో పలకల వ్యాపారం. బడిపిల్లల పలకల పెట్టెలు ఆయన దగ్గర్నుంచి ఎక్కడెక్కడికో పోయేవి. మద్రాసు వెళ్లినప్పుడు అక్కడ ఒకాయన వాడుతున్న విదేశీ కారు చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. కంపెనీ పేరు ఎందుకులెండి, మా వైపు జనం దాన్ని తాబేలు కారు అన్నారు. గుండ్రటి వీపు, ఇంజను వెనక. ముందు మూత ఎత్తితే సామాన్లు పెట్టుకునే చోటు.

ఆ కారు అందం దాని వీపులో లేదు. అది నీళ్లు తాగదు. ఈ మాట కోస్తావాళ్లకు పెద్దగా అనిపించదు. పడమటి తాలూకాల్లో వేసవి పూట కారు ప్రయాణమంటే నీళ్ల డబ్బాల ప్రయాణం. మార్కాపురంలో బయల్దేరిన బండి తర్లుపాడు దాటేలోపు మరిగి ఆవిరి కక్కేది. డబ్బా పట్టుకుని బావి వెతుక్కుంటూ పోతే, చేదుకునే ఆడవాళ్లు "మాకే లేకుంటే నీ బండికి పోయాల్నా?" అనేవాళ్లు. న్యాయమే. అలాంటి చోటికి, గాలితోనే ఒళ్లు చల్లబరుచుకునే బండి వచ్చింది. ఇంజను బరువంతా బండిని నెట్టే వెనక చక్రాల మీదే ఉండడంతో గుండ్లకమ్మ ఇసుకలో కూడా కూరుకుపోకుండా గట్టెక్కేది.

దాన్ని తోలేవాడు పీరయ్య. లారీల మీద పనిచేసి వచ్చినవాడు, ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, భుజాన తువ్వాలుతో ఉండేవాడు. ఒకసారి వెలిగండ్లలో కారు ఆపి ముందు మూత తీస్తే, లోపల ఇంజను బదులు పరుపు చుట్ట కనబడిందట. చూసిన ముసలాయన ఒకడు గుండెలు బాదుకున్నాడు.

"ఓరి నాయనో, ఇంజను ఎవురో ఎత్తకపోయినారు!"

"లేదు మామా," అన్నాడట పీరయ్య, "కొత్త పెండ్లికూతురు గదా, సిగ్గుపడి ఎనకాల కూసుంది."

నాలుగు నెలలు తోలాడు. బండి మీద గీత పడలేదు.

బంగళా ముందు

కారును చెన్నయ్యగారి పేరుకు మార్చాలి. అందుకు నేను చూడాలి. పీరయ్య దాన్ని కడిగి, తుడిచి బంగళా దగ్గరికి తెచ్చాడు. నేను ఠీవిగా లేచి ముందు మూత తీయించాను, ఇంజను చూద్దామని. అవును, వెలిగండ్ల ముసలాయనతో పాటు నేనూ. ఆ కారు గురించి నాకు తెలిసింది అంతే. లోపల ఇంజను లేదు. మూత దగ్గరే నిలబడి, సామాన్ల చోటు చూడడానికే తీయించినట్టు తలాడించాను.

తర్వాత బెత్తంతో ముందు చక్రాన్ని కొట్టాను. మెత్తగా పలికింది. వెనక చక్రం గట్టిగా మోగింది.

"ఏమయ్యా, ముందు చక్రాల్లో గాలేదీ?"

"ఉండాది సార్. దీనికి అంతే ఉండాల."

"వెనక గట్టిగా, ముందు మెత్తగానా?"

"ఎనకాల బరువుంది గదా సార్. ముందర గట్టిగా కొడితే, మలుపులో బండి తోక తిప్పుతాది. మద్రాసులో దీన్ని తోలినాయన చెప్పినాడు. నేనూ రెండు తూర్లు చూసినా."

వరుసలో ఉన్న లారీ డ్రైవరు ఒకడు గొంతు పెంచాడు. "ఏంది పీరన్నా, సారుకే పాఠం చెప్తాండావే!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు మూడు బస్సులు వినబడ్డాయి.

ముందు మూత ఇంకా తెరిచే ఉంది. లోపల గోనెపట్టాలో చుట్టి, కదలకుండా చెక్కముక్కలతో బిగించిన బరువేదో ఉంది. ఏమిటని అడిగాను.

"పలక రాయి సార్. మా షావుకారు గనిలోదే. బండి ముక్కు తేలకుండా పెట్టినా."

"ఇది కారా, త్రాసా?" అన్నాను.

ఈసారి నవ్వు నా వైపుకు వచ్చింది. రుచిగా ఉంది. ఇంకొంచెం కావాలనిపించింది.

"ఆవుకు నాలుగు కాళ్లూ ఒకే పొడవుంటాయి, తెలుసా? రాయి తీసెయ్. నాలుగు చక్రాలకూ ఇరవై ఆరు పౌన్ల గాలి కొట్టు. అప్పుడే సంతకం."

పీరయ్య రాయిని ఎత్తి వేపచెట్టు మొదట్లో పెట్టాడు. ఎండలో చేతిపంపుతో గాలి కొట్టాడు. నేను బెత్తంతో కొట్టి చూశాను. నాలుగూ ఒకే స్వరంలో పలికాయి. సంతకం పెట్టాను. పీరయ్య వెళ్లబోతూ నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"ఇంటికి పోయినాక కొంచెం తగ్గించుకుంటా సార్?"

"తగ్గించినట్టు రోడ్డు మీద కనబడిందా, బండీ ఉండదు, నీ లైసెన్సూ ఉండదు" అన్నాను, అందరికీ వినబడేలా.

గాలి కొట్టించడం తెలియనితనం. ఈ ఆఖరి మాట తెలియనితనం కాదు. అందుకే దాన్ని వేరుగా రాస్తున్నాను.

కంభం దాటాక

తొమ్మిదో రోజున పోలీసుల నుంచి కబురు. కంభం దాటాక గిద్దలూరు దోవలో తాబేలు కారు పల్టీ కొట్టింది, వచ్చి చూడమని. నేను వెళ్లేసరికి కారు రోడ్డు పక్క చేలో వెల్లకిలా పడి ఉంది. అలా పడిన తాబేలుకు చేతకానిదే దానికీ చేతకాలేదు. చెన్నయ్యగారు మెడ దగ్గర ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. పీరయ్య మణికట్టుకు కట్టుతో అక్కడే నిలబడి ఉన్నాడు.

చూసినవాడు ఒక్కడే, ఆ మలుపు దగ్గర గొర్రెలు మేపుతున్న పెద్దాయన.

"జోరుగా వచ్చాడా?" అని అడిగాను.

"యాడ జోరు సామీ! నా జీవాలు అడ్డమొస్తే ఇంకా నిదానించినాడు. నిదానించినాడో లేదో, ఆ బండి ఎనక్కాళ్లు ముందరికి తెచ్చినాది. గొడ్డు తన్నేటప్పుడు తిరగదా, అట్ల. ఆ పిల్లోడు ఏం జేస్తాడు?"

నేను బ్రేకులు చూశాను, బాగున్నాయి. స్టీరింగు బాగుంది. గాలి కొలిచే మీటరు తీసి ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. పీరయ్య నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"మీరు చెప్పినంతే ఉండాది సార్," అన్నాడు. "తగ్గించలే."

ఇరవై ఆరు. నాలుగిటికీ ఇరవై ఆరు.

అతను అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనైతే అరిచేవాణ్ణి. అతను అరిచి ఉంటే నాకు కోపం వచ్చేది, కోపంలో కాస్త సుఖం ఉండేది. ఆ సుఖం కూడా ఇవ్వలేదు.

అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను. "వాహనంలో యాంత్రిక లోపమేదీ లేదు. టైర్లలో గాలి నాలుగిటికీ సమానంగా ఉన్నది." ఇంతవరకు ఒక్క అబద్ధం లేదు. నిజాలు పేర్చి అబద్ధం ఎలా కట్టాలో ఎవరైనా నేర్చుకోదలిస్తే ఆ రెండు వాక్యాలు చాలు. మూడోది: "మలుపు వద్ద డ్రైవరు అజాగ్రత్త కారణముగా తోచుచున్నది." గొర్రెల పెద్దాయన మాట రాయలేదు.

పోలీసాయన కారు లోపలి సామాన్లు తీసి జాబితా రాస్తున్నాడు. ముందు అరలో ఒక దువ్వెన, కుంకుమ పొట్లం, ఒక చిన్న పుస్తకం. "ఇది బండికి సంబంధించింది, నేను చూసిస్తాను" అని పుస్తకం తీసుకున్నాను.

సాయంత్రం బంగళాలో కూర్చుని తిరగేశాను. ఒక పేజీలో కారును పైనుంచి చూసినట్టు బొమ్మ, నాలుగు చక్రాల పక్కన నాలుగు అంకెలు. ముందు పదహారు, వెనక ఇరవై మూడు. కింద ఇంగ్లీషులో రెండు వరుసలు: ఈ బండికి ముందు చక్రాల్లో గాలి ఎప్పుడూ వెనకటి కంటే తక్కువ ఉండాలి, లేకపోతే మలుపుల్లో వెనక భాగం జారుతుంది.

పీరయ్య చెప్పిందే. తోక తిప్పుతాది అన్న మాటకు ఇంగ్లీషు.

ఒక పగటి ప్రయాణం

పిల్లలూ, తెలియక చేసిన తప్పు గురించి నేను ఇంత రాయను. అందరం చేస్తాం. మరుసటి రోజు గురించే ఇదంతా.

ఆ రిపోర్టు ఇంకా నా సంచిలోనే ఉంది. పుస్తకమూ ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో కర్నూలుకు రైలెక్కాను. ఆ కాగితం చింపి ఇంకోటి రాయడానికి పగలంతా ఉంది, పెన్ను ఉంది, కిటికీ పక్కన చోటుంది. గిద్దలూరు వచ్చేసరికి రాయాలనుకున్నాను. నల్లమల సొరంగం చీకట్లో గట్టిగా అనుకున్నాను. వెలుతురు వచ్చాక, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుకొచ్చింది. గాలి కొట్టించింది నేనేనని రాస్తే క్లీనర్లు ఎలా నవ్వుతారో గుర్తుకొచ్చింది. నంద్యాల దాటాక, పీరయ్యకు ఇంకో బండి దొరక్కపోతుందా అని నాకు నేనే ఓదార్పు చెప్పుకున్నాను. తన కోసం చెప్పుకునే ఓదార్పును ఎదుటివాడి పేరు మీద రాసుకోవడం ఆ రోజే నేర్చుకున్నాను.

పై అధికారి రిపోర్టు చూసి, "డ్రైవరు తప్పేగా?" అన్నారు.

"అవును సార్."

పుస్తకం నా ట్రంకుపెట్టెలో అడుగుకు చేరింది.

పీరయ్య లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. ఆరు నెలల తర్వాత లైసెన్సు వచ్చింది కానీ పేరు రాలేదు. చెన్నయ్యగారు మానిపించాడు. ఇంకెవరూ పిలవలేదు. ఊళ్లో అతన్ని పల్టీ పీరయ్య అన్నారు. పనికోసం వెళ్లిన ప్రతిచోటా ఆ పేరు అతనికంటే ముందు చేరేది.

కారుకూ అదే గతి. మార్కాపురంలో ఒక డాక్టరు అలాంటిదే కొనాలని అడ్వాన్సు కూడా పంపబోయి మానుకున్నాడు. "ఆ ఎనక ఇంజను బండా? వద్దు బాబో, ఊరికే ఎల్లకిలా పడతాది" అనే మాట త్రిపురాంతకం దాకా పాకింది. ఇప్పటికీ ఆ కారు ప్రమాదకరమా కాదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. నాకు తెలిసింది చెబుతాను. అది కాస్త మొండిది. అన్ని బండ్లలా తోలితే ఊరుకోదు. అయితే తన మొండితనమేమిటో ఒక పేజీలో, బొమ్మ గీసి మరీ, ముందే చెప్పుకుంది. తన గురించి అంత నిజాయితీగా చెప్పుకున్న ఇన్‌స్పెక్టరును నేను చూడలేదు, అద్దంలో కూడా.

ముందర ఎంత, ఎనకాల ఎంత

చాలా ఏళ్ల తర్వాత నాకు ఇంకో పై అధికారి వచ్చారు. ఒకరోజు వర్క్‌షాపులో కొత్త రకం బ్రేకు చూసి, మెకానిక్కు పక్కన నేల మీద చతికిలబడి, "నాకిది తెలియదు నాయనా, మొదట్నుంచీ చెప్పు" అన్నారు. మెకానిక్కు గంటసేపు చెప్పాడు. ఎవడూ ఆయన నెత్తికెక్కలేదు. చెప్పడం అయ్యాక మెకానిక్కు ఆయన ప్యాంటుకంటిన దుమ్ము దులిపాడు. పక్కన నిలబడ్డ నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో చేరాయి. పని మీద అటు వెళుతూ త్రిపురాంతకంలో జీపు ఆపించాను, గాలి చూపిద్దామని. బస్సులు ఆగేచోట తాటాకు పందిరి, పంక్చర్ల నీళ్లతొట్టి, చేతిపంపు. పంపు దగ్గర మనిషి తల ఎత్తకుండా అడిగాడు.

"ముందర ఎంత, ఎనకాల ఎంత సార్?"

ఆ గొంతు నాకు తెలుసు. తల ఎత్తాక అతనూ నన్ను గుర్తుపట్టాడు.

"బాగుండారా సార్?" అన్నాడు పీరయ్య.

"పీరయ్యా, ఆ రోజు తప్పు నాది" అన్నాను. ఇన్నేళ్లు అనుకున్న పెద్ద ప్రసంగంలో అంతే బయటికొచ్చింది.

అతను పంపు గొట్టం కింద పెట్టాడు. "పుస్తకం మీ కాడనే ఉండాదా సార్?"

ఏ పుస్తకం అని అడగబోయి ఆగాను. జన్మలో ఒక్కసారి బ్రేకు సమయానికి పడింది. "ఉంది" అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వస్తాయి. దాంట్లో బొమ్మ ఉండాది గదా, ఆ పొద్దు బంగళాకాడ మీకు చూపాలని తోచలే. షావుకారుకు చూపిద్దామని మళ్లా బండికాడికి పోతి. దువ్వెన ఉండాది, కుంకుమ ఉండాది, పుస్తకం లేదు. ఇనస్పెక్టరు సారు తీసకపోయినాడని పోలీసాయన చెప్పినాడు."

"నన్ను వచ్చి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేటోళ్లా?"

ఆఫీసుకు రాస్తానన్నాను, చెన్నయ్యగారికి చెబుతానన్నాను. పీరయ్య తల అడ్డంగా ఊపాడు. "షావుకారు పోయినాడు. జిల్లానే మారిపాయ. ఎవురికి రాస్తారు?"

"మరి ఏం చేయమంటావు?"

తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మా ఇంటిదానికి చెప్పండి సార్. అదొక్కటి చాలు. పన్నెండేండ్లాయ, నా సైకిలు గూడా ఎక్కదు. నువ్వు పల్టీ కొట్టిస్తావు, నేను నడిచే వస్తా అంటాది. నవ్వుతానే అంటాది. అయినా ఎక్కదు."

వారం తిరక్కుండా పుస్తకం తీసుకుని వెళ్లాను. పందిరి పక్కనే వాళ్ల ఇల్లు. కాశమ్మ మేకలను కట్టేసి వచ్చి, కొంగు సర్దుకుని గడప దగ్గర నిలబడింది. నేను కూర్చోలేదు. గాలి నేనే కొట్టించానని, రాయి నేనే తీయించానని, తగ్గించుకుంటానంటే బెదిరించానని, తెలిసి కూడా అతని తప్పని రాశానని వరసగా చెప్పాను. బొమ్మ ఉన్న పేజీ తీసి చూపించాను. ఆమె పుస్తకం వైపు చూడలేదు. భర్త వైపే చూస్తోంది.

"ఈయప్ప ఆ పొద్దే చెప్పినాడయ్యా," అంది. "గాలి సంగతి, పుస్తకం సంగతి, అంతా చెప్పినాడు. నేనే నమ్మలే. సదువుకున్న సారు అబద్ధం రాస్తాడా, నువ్వే కండ్లు మూసుకోని తోలింటావు అని తిట్టినా."

లోపల మేకపిల్ల అరుస్తోంది. పుస్తకాన్ని పీరయ్య వైపు చాపాను.

"నాకెందుకు సార్," అన్నాడు. "పదహారు, ఇరవై మూడు. నాకు గుర్తుండాయి. మీరే పెట్టుకోండి."

కాశమ్మ లోపలికి వెళ్లి సంచి తెచ్చుకుంది. "దుకాణానికి పోవాల. సైకిలు తియ్యి" అంది, ఇంకెటో చూస్తూ.

పీరయ్య సైకిలు తీశాడు. అలవాటుగా ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. ఆమె వెనక క్యారియరు మీద కూర్చుని, సీటు అంచు గట్టిగా పట్టుకుంది. పుస్తకం చేతిలో పట్టుకుని నేను వాకిట్లోనే ఉండిపోయాను. వీధి చివర మలుపుంది. వెనక అంత బరువుతో, ఏ తొణుకూ లేకుండా, ఆ సైకిలు తిరిగిపోయింది.